కొమ్ముపిట్ట ఇంటి ఆర్కిడ్

చినుకుకోన అడవిలో దుప్పులు, ముంగిసలు, ముళ్ళపందులు, కొండముచ్చులు, రకరకాల పిట్టలు ఉండేవి. అక్కడ ఒక పాత మద్దిచెట్టు తొర్రలో రెండు కొమ్ముపిట్టలు కాపురం ఉండేవి. వాటి ముక్కు మీద కొమ్ములాంటి బుడిపె ఉంటుంది. మగపిట్ట పేరు టెక్కయ్య. ఆడపిట్ట పేరు నేరేడమ్మ.

కొమ్ముపిట్టల ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. ఎండలు మొదలవగానే ఆడపిట్ట గుడ్లు పెట్టడానికి తొర్రలోకి వెళ్తుంది. పాములూ అవీ రాకుండా గుమ్మమంతా మట్టితో మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుకుంటుంది. పిల్లలు ఎదిగేదాకా ఇక బయటికి రాదు. మగపిట్ట పళ్ళు తెచ్చి ఆ సందులోంచి అందిస్తుంది.

ఆ సందులోంచి నేరేడమ్మకి కనిపించేది ఎదురుగా ఉన్న కొమ్మ ఒక్కటే.

"ఏమయ్యా, ఎండాకాలమంతా ఆ బోడికొమ్మనే చూస్తూ కూర్చోలేకపోతున్నాను. దాని మీద ఒక్క పువ్వుంటే నాకు పొద్దుపోతుంది," అంది నేరేడమ్మ.

"ఒక్క పువ్వేంటే, కొమ్మంతా పూయించేస్తా చూడు," అన్నాడు టెక్కయ్య.

బుట్టన్న అనే కొండముచ్చు చెట్టుకొమ్మల మీద బతికే ఆర్కిడ్ పూలమొక్కలు బుట్టలో పెట్టుకుని అమ్మేవాడు. టెక్కయ్య మేడిపళ్ళు ఇచ్చి, బాగా పూసి ఉన్న మొక్క తెచ్చాడు. కొన్నాళ్ళకి పూలు వాడి రాలిపోయాయి.

"చచ్చిపోయింది. బుట్టన్న మోసం చేశాడు," అన్నాడు టెక్కయ్య.

"రాలింది పూలే కదయ్యా! మొక్క పచ్చగానే ఉంది," అని నేరేడమ్మ లోపలినుంచి అరిచింది.

ఆమె మాట పూర్తయ్యేలోపే టెక్కయ్య విసిరిన మొక్క లోయలో పడింది.

మరుసటి ఏడు టెక్కయ్య పసిమొక్క తెచ్చాడు. "దీన్ని చెట్టుబెరడుకి కట్టు బాబూ. వేళ్ళకి గాలి ఆడాలి. మట్టి పెట్టకు," అని బుట్టన్న చెప్పి పంపాడు.

"మొక్కకి మట్టి వద్దంటాడు, వీడికేం తెలుసు!" అనుకున్నాడు టెక్కయ్య. మారేడు చిప్పలో వాగు బురద కూరి, అందులో మొక్కని పాతాడు. పొద్దున నీళ్ళు, మధ్యాహ్నం నీళ్ళు, సాయంత్రం నీళ్ళు. మధ్యమధ్యలో దాన్ని పైకి లాగి వేళ్ళు చూసేవాడు.

"ఎందుకయ్యా లాగుతావు?"

"పెరిగిందో లేదో చూడొద్దా?"

"నేను గుడ్లు పొదుగుతున్నాను. పిల్ల పెరిగిందో లేదో అని రోజూ పగలగొట్టి చూస్తున్నానా?"

టెక్కయ్యకి ఆ మాట ఎక్కలేదు. మొక్క కుళ్ళి వాసన వచ్చింది. నేరేడమ్మ ఆ వేసవి కూడా బోడికొమ్మనే చూసింది.

వానలు పడ్డాక ఆమె పిల్లలతో బయటికి వచ్చింది. పిల్లలు రెక్కలు చాచి వాటి దారిన అవి వెళ్ళగానే, తనే బుట్టన్న దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, పూసిన మొక్క వద్దు. మరీ పసిదీ వద్దు. పూత ఈడుకి దగ్గర పడినది ఇవ్వు. మా ఆయనతో నేను ఇంక పడలేను," అంది.

బుట్టన్న లావుపాటి కాడలున్న మొక్క ఒకటి ఏరి ఇచ్చాడు. "ఈ వానలకి ఇంకో కాడ వేస్తుందమ్మా. చలికాలంలో ఆకులన్నీ రాలుస్తుంది. అప్పుడు చచ్చిందనుకోవద్దు. నీళ్ళు కూడా పోయొద్దు. ఆ మోడు కాడలకే ఎండాకాలం పూలొస్తాయి."

నేరేడమ్మ దాన్ని నారతో కొమ్మకి కట్టింది. వానలు దాన్ని చూసుకున్నాయి. కొత్త కాడ వచ్చింది. టెక్కయ్యకి మాత్రం ముక్కు ఊరుకునేది కాదు.

"కాసిని నీళ్ళు పోయనా?"

"వాన పడుతోంది కదయ్యా!"

"అది పైన పడుతోంది. నేను కింద పోస్తా."

నేరేడమ్మ వెళ్ళి మొక్కకి అడ్డంగా కూర్చుంది.

చలికాలంలో ఆకులు పసుపు రంగుకి తిరిగి రాలిపోయాయి. ఎండలు మొదలయ్యాయి. నేరేడమ్మ తొర్రలోకి వెళ్ళి గుమ్మం మూసుకుంది. గుడ్లు పెట్టిన పూటే టెక్కయ్య కేక వినిపించింది.

"ఏమే, నీ మొక్క పోయింది. ఒక్క ఆకు లేదు. పీకేస్తున్నా!"

సందులోంచి చూస్తే, మొక్కకి కట్టిన నార మీద అతని ముక్కు ఉంది. నేరేడమ్మ గబగబా ఆలోచించింది. మట్టిగోడ పగలగొట్టి బయటికి దూకితే గుడ్లు పాము పాలవుతాయి. 'పోలేదు, బతికే ఉంది' అని చెబితే ఈయన వినే రకం కాదు.

"అయ్యో, దాన్ని తరవాత పీకుదువుగానిలే! నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఎర్రగట్టు మేడిపళ్ళు కావాలి," అంది.

"ఇక్కడి పళ్ళకేమైంది?"

"సయించడం లేదు. రోజూ అవే తెచ్చిపెట్టు. లేకపోతే పొదగలేను."

ఎర్రగట్టు చాలా దూరం. పొద్దున వెళితే తిరిగి వచ్చేసరికి పొద్దుగూకేది. టెక్కయ్య గొణుక్కుంటూ వెళ్ళేవాడు. ఆయాసపడుతూ వచ్చేవాడు. పళ్ళు అందించి నిద్రపోయేవాడు. మొక్క జోలికి పోయే ఓపిక ఉండేది కాదు.

అలా మొక్కకి కాస్త ప్రశాంతత దొరికింది. మోడు కాడల కణుపుల దగ్గర ఆవగింజల్లా మొగ్గలు తేలాయి. అవి ఉబ్బి ఒకనాడు పొద్దున్నే విచ్చుకున్నాయి. లేత ఊదా రంగు పూలు కాడ పొడవునా వరసగా పూశాయి. నేరేడమ్మ సందుకి కన్ను ఆనించి చూసింది. గుడ్ల మీద కూర్చుని ఆ పూలనే చూస్తూ ఉండిపోయింది. తొర్రలో ఉక్క కూడా ఆమెకి తెలియలేదు.

సాయంత్రం టెక్కయ్య వచ్చి చూశాడు. "చూశావా నా హస్తవాసి!"

"నువ్వేం చేశావయ్యా?"

"రోజూ దాని ముందునుంచే కదే నేను ఎగిరి వెళ్ళింది!"

ఇక ఎర్రగట్టు వెళ్ళడం మానేసి, అడవంతా తిరిగి డప్పు కొట్టుకున్నాడు. "ఆర్కిడ్ పూయాలంటే నా చేతిలో పెట్టండి," అన్నాడు. దుప్పి ఒక మొక్క తెచ్చింది. ముంగిస ఒకటి తెచ్చింది. ముళ్ళపంది సూరమ్మ తను పెంచుకున్న మొక్కని నోట కరుచుకుని తెచ్చింది.

"వద్దు వదినా! నీ మొక్క నీ దగ్గరే ఉంచుకో," అని నేరేడమ్మ సందులోంచి బతిమాలింది.

"నీకు పూశాయి కాబట్టి మాకు పూయకూడదా? బాగానే ఉందమ్మా నీ వరస!" అని సూరమ్మ మూతి తిప్పుకుంది.

టెక్కయ్య అన్నిటినీ బురద చిప్పల్లో పాతాడు. నీళ్ళు పోశాడు. లాగి చూశాడు. మళ్ళీ పాతాడు. ఎండలు ముగిసేలోపే అన్నీ కుళ్ళిపోయాయి.

అందరూ మద్దిచెట్టు దగ్గరికి వచ్చారు. "మా మొక్కలేవయ్యా?" అని సూరమ్మ ముళ్ళు నిక్కబొడిచింది.

టెక్కయ్య బెదిరిపోయాడు. "అరవకండి. మా మొక్కని ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చేస్తా," అన్నాడు. పూలతో ఉన్న మొక్క మీదికి వంగి నార తెంపబోయాడు.

అతని పొడవాటి తోక సరిగ్గా తొర్ర సందు ముందుకి వచ్చింది. నేరేడమ్మ సందులోంచి ముక్కు చాచి ఆ తోకని గట్టిగా పట్టుకుంది.

"వదలవే! అందరూ చూస్తున్నారు!"

ఆమె వదల్లేదు. టెక్కయ్య ముందుకి గుంజుకున్నాడు. తోక ఈకలన్నీ ఊడి ఆమె ముక్కులో ఉండిపోయాయి. టెక్కయ్య కొమ్మ మీదినుంచి తలకిందులుగా పొదలో పడ్డాడు.

దుప్పి నవ్వింది. ముంగిస పొర్లిపొర్లి నవ్వింది. కోపంగా వచ్చిన సూరమ్మకి కూడా నవ్వు ఆగలేదు.

"ఈకలు మళ్ళీ వస్తాయిలే. మొక్కని ముక్కలు చేస్తే మాత్రం ఎవరికీ ఏమీ మిగలదు," అంది నేరేడమ్మ.

నేరేడమ్మ కబురు పెడితే బుట్టన్న వచ్చి, అందరికీ కొత్త మొక్కలు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. "కానీ వానలున్నన్నాళ్ళూ నా బుట్ట నువ్వే మొయ్యాలి టెక్కయ్యా. లోపలి మొక్కల్ని మాత్రం ముట్టుకోకు," అన్నాడు. తోక లేని టెక్కయ్య దూరం ఎగరలేక, బుట్ట పట్టుకుని కొమ్మ కొమ్మకీ గెంతుతూ తిరిగాడు.

వానల్లో నేరేడమ్మ పిల్లలతో బయటికి వచ్చింది. ఆమె మొక్క ఇంకో కాడ వేసింది. సూరమ్మ సిగ్గుపడుతూ కొత్త మొక్కతో వచ్చింది.

"కొమ్మకి కట్టానమ్మా. ఇక రోజూ ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యొద్దు వదినా."

"అదేంటి, ఏదో ఒకటి చెయ్యాలి కదా?"

నేరేడమ్మ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే కూర్చుని నీ ముళ్ళు దువ్వుకో తల్లీ!"

నీతి: మొక్కైనా పిల్లైనా దాని వేళ వచ్చినప్పుడే ఎదుగుతుంది. పెంచడం చేతకానివాళ్ళు కనీసం కెలకకుండా ఉండటమైనా నేర్చుకోవాలి.