రాజీపడని మోడెం

“మీ ఊరి మామూలు ఫోను తీగమీదే ఈ మోడెం సెకనుకు ముప్పై మూడు వేల బిట్లు పంపుతుంది. పూచీ నాది.” కంప్యూటరును ఫోను తీగకు కలిపే ఆ పెట్టెను సంఘానికి అమ్మినవాడు అలా చెప్పి వెళ్ళాడు. మోడెం ఒక్కనాడూ ఆ వేగాన్ని అందుకోలేదు.

ఉప్పు కూలీల సంఘంలో జోజిబాబు అందరికన్నా చిన్నవాడు. నీట మునిగిన ఉప్పు మడుల గురించి కలెక్టరుతో చర్చలకు కూర్చుందామన్న పెద్దల మీద మండిపడుతూ, టెలిఫోను శాఖలో రిటైరైన అంబికానాథ్ మాస్టారి దగ్గరికి వచ్చాడు.

“మాస్టారూ, రాజీపడ్డవాడు ద్రోహి కాడా?”

మాస్టారు తన గదిలో పెట్టిన సంఘం కంప్యూటరు వైపు చూశారు. “పత్రికకు ఫొటో వెళ్ళిందా?” అన్నారు.

వెళ్ళలేదు. మడులు మునగనే లేదని అధికారులు అంటున్నారు. ఆ మాట అబద్ధమని చూపే ఫొటో సాయంత్రం ఆరులోపు నగరంలోని పత్రికకు చేరకపోతే, వాళ్ళ మాటే మర్నాడు అచ్చవుతుంది. జోజి మళ్ళీ మళ్ళీ పంపుతున్నాడు. మోడెం కీచుమని అరిచి లైను వదిలేస్తోంది.

మాస్టారు సెట్టింగులు చూశారు. “వేగం ముప్పై మూడు వేలకు తగ్గితే లైను వదిలేయమన్నావేం?”

“అమ్మినవాడు ఇచ్చిన మాట అది. దిగిరావడానికి వీల్లేదు.”

“మోడెంతో కూడా సమ్మె చేయిస్తున్నావా నాయనా?” అని రిసీవరు అతని చెవికి ఆనించారు. “ఏం వినిపిస్తోంది?”

“గరగర.”

“ఉప్పుగాలికి తీగ అలా అయింది. ఇక్కడిదీ పత్రికవాళ్ళదీ, రెండు మోడెములూ ముందు ఆ గరగరనే వింటాయి. ఈ లైను ఎంత మోయగలదో ఒకదాన్నొకటి అడుగుతాయి. నువ్వు ఆ అడగడమే మాన్పించావు.”

జోజి మొహం ముడుచుకునే సెట్టింగుల్లో ఆ వేగపు కట్టుబాటు తీసేశాడు. మోడెములు కాసేపు కీచులాడుకుని, తొమ్మిది వేల ఆరు వందల దగ్గర ఒప్పుకున్నాయి. ఫొటో వరస వెంట వరసగా, నత్తలా కదిలింది. ఆరు కొట్టకముందే పత్రికవాళ్ళు అందిందని ఫోను చేశారు.

జోజికి సంతోషం కలిగింది. కోపం మాత్రం పోలేదు. “అంటే లొంగిపొమ్మంటారు.”

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. “రేపు పత్రిక చూడు. వేగం తగ్గినందుకు ఆ ఫొటోలో మన మడి ఏదైనా తగ్గిందేమో వెతుకు. చర్చలు నవంబరు పన్నెండున. రాజీపడ్డవాడు ద్రోహో కాదో, పదో తేదీలోగా నువ్వే నాకు జవాబు చెప్పాలి.”