రాజుగారు తాగిన అంబలి

వెనకటికి ఒకానొక రాజ్యంలో సగం మాగాణి, సగం అడవి. మాగాణి రాజుగారి మాట వినేది. అడవి వినేది కాదు.

రాజు రణమల్లుడికి తన మీసం మీదా, బిరుదుల మీదా అపారమైన గౌరవం. ఆయన సామంతుడు భల్లహుడు ఎదురు తిరిగి, మూడు వందల మందితో కొండలెక్కి కూర్చున్నాడు. సంతలు దోచేవాడు, అడవిలో మాయమయ్యేవాడు. సైన్యం మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ జ్వరాలతో, ముళ్లు దిగిన కాళ్లతో తిరిగొచ్చింది.

"కొండవాళ్లే వాణ్ణి దాస్తున్నారు. పన్నెండు గూడేలూ తగలబెట్టండి!" అన్నాడు రాజు నిండు సభలో.

కొండను గెలవడమంటే కొండవాళ్లను కాల్చడమని ఆ రాజుకు ఎవరు నేర్పారో గాని, కోటలో రెండు వేల కాగడాలకు నూనెగుడ్డలు చుట్టడం మొదలైంది.

రాజును నవ్వించడం కొలువుగా గల లింగోజికి ఆరోజు నవ్వు రాలేదు. అతను ఉప్పు అమ్ముకునే తండ్రి వెంట చిన్నతనంలో ఆ గూడేలన్నీ తిరిగినవాడు. భల్లహుడి మనుషులు గూడేలవాళ్ల మేకల్ని తోలుకుపోతే, పన్ను పేరు చెప్పి రాజు మనుషులు ధాన్యం ఎత్తుకుపోయారని అతనికి తెలుసు.

"ప్రభూ, నెల గడువివ్వండి. ఒక్క కాగడా వెలిగించకుండా భల్లహుణ్ణి తెప్పిస్తాను."

"తేలేకపోతే?"

"మొదటి కాగడా నా ఇంటికి అంటించండి."

రాజుకు ఆ పందెం నచ్చింది.

లింగోజి కొండెక్కి, పన్నెండు గూడేలకూ పెద్దయిన సుక్కన్నను కలిసి, భల్లహుణ్ణి పట్టివ్వమన్నాడు.

"ఏరా ఉప్పోడి కొడకా, నీ రాజు మాకేమవుతాడని సాయం చెయ్యాలి?" అన్నాడు సుక్కన్న.

"ఏమీ కాడు. ఏమైనా అయితే?"

"అయితే వేరే మాట. ఒకే దొప్పలో అంబలి తాగాలి. ముందు నేను, వెనక తను. దాంతో అన్నదమ్ములమవుతాం. తమ్ముడి శత్రువును అన్న వదలడు. అన్న కొండ మీద తమ్ముడు పన్నడగడు."

లింగోజి కోటకు తిరిగొచ్చి రాజుతో అన్నాడు: "ప్రభూ, సుక్కన్న మీకు అంబలి ఇస్తాడట. ముందు తాను తాగి, తర్వాత మీకు అందిస్తాడట."

"ఓహో! విషం లేదని రుచి చూపించడానికా? మా వంటవాడు చేసే పని కొండపెద్ద చేస్తాడన్నమాట. అదీ భక్తి!"

లింగోజి అవుననలేదు, కాదనలేదు.

రాజు ఏనుగెక్కి కొండ దిగువకు వెళ్లాడు. సుక్కన్న అడ్డాకు దొప్పలో సగం అంబలి తాగి అందించాడు. రాజు మీసం తడవకుండా మిగతా సగం తాగాడు. డప్పులు మోగాయి. అవి తన ఘనతకేననుకున్నాడు రాజు.

పదో రోజున భల్లహుడు సభకొచ్చాడు, తీగలతో కట్టిన చేతులతో. అతను ఏ వాగులో నీళ్లు తాగుతాడో, ఏ గుహలో పడుకుంటాడో కొండవాళ్లకు తెలియనిదేముంది!

వెంట వచ్చిన సుక్కన్న తిన్నగా వెళ్లి సింహాసనం మెట్టు మీద కూర్చున్నాడు. "ఇడుగో తమ్ముడూ, నీ పగవాడు. ఇంక మా కొండకు పన్ను బంట్లను పంపకు."

రాజు సింహాసనం మీంచి సగం లేచాడు.

"తమ్ముడా? ఎవడ్రా నీకు తమ్ముడు?"

లింగోజి ఆచారం వివరించాడు. రాజు ముఖం కందగడ్డయింది.

"మోసం! నాకెందుకు చెప్పలేదు?"

"ముందు తాగుతాడని చెప్పాను ప్రభూ. ఎందుకని మీరు అడగలేదు. ఎందుకో కూడా మీరే చెప్పేశారు."

"ఈ చుట్టరికం చెల్లదు!"

"చిత్తం." లింగోజి భటుల వైపు తిరిగాడు. "భల్లహుడి కట్లు విప్పండిరా. అతణ్ణి పట్టి తెచ్చింది రాజుగారి అన్న. అన్నే లేనప్పుడు ఖైదీ ఎక్కడినుంచి వస్తాడు? ఎక్కడ దొరికాడో అక్కడే జాగ్రత్తగా దించి రండి."

భల్లహుడు ఆశగా చేతులు చాచాడు.

రాజు ఆ చేతుల వంక చూశాడు. మెట్టు మీద నింపాదిగా కాళ్లు చాపుకున్న సుక్కన్న వంక చూశాడు. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది, ఆపైన నవ్వు ఆగలేదు.

"ఆగండ్రా! కొండపన్ను రద్దు. అన్నా, మెట్టు మీదెందుకు, పైకి రా. లింగోజీ, గెలిచావు. ఏం కావాలో కోరుకో."

"ఆ రెండు వేల కాగడాలు ప్రభూ."

"వాటితో నీకేం పని?"

"నాకేం లేదు. కోటలో ఉంటే మీకు పని గుర్తొస్తుందేమోనని."

రాజు మళ్లీ నవ్వాడు, ఈసారి కాస్త తక్కువగా. కాగడాలు మాత్రం ఇచ్చేశాడు.

లింగోజి వాటి నూనెగుడ్డలు విప్పించి, కర్రలన్నీ కొండకు పంపాడు. ఆ ఏడు పన్నెండు గూడేల్లోనూ మేకల దొడ్లకు కొత్త కంచెలు లేచాయి.