పుక్కిట నీళ్లు

ఎవరేం అడిగినా సుభద్రమ్మగారు ముందు మంచినీళ్లు ఇచ్చేవారు. జవాబు ఆ తరవాత, అదీ ఇస్తే. నలభై ఏళ్లు బడిపిల్లల మధ్య గడిపిన మనిషి. విసుగూ ఓపికా రెండూ అరిగిపోయి, చివరికి ఆ నీళ్ల చెంబూ గ్లాసూ మిగిలినట్టుండేవారు.

ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న నాగవేణి ఒక మధ్యాహ్నం బొమ్మల పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టింది. "ఇందులో ఒక్క అక్షరమైనా లేదండీ. నేనేం చెప్పను, పిల్లలేం నేర్చుకుంటారు?" అంది. ఏడవడానిక్కూడా ఓపిక లేని గొంతు. మంగి అనే పిల్ల చేరి మూడు నెలలైనా బళ్లో నోరు తెరవలేదు. శనివారం దాకా చూసి మేకల వెంట పంపేస్తానని దాని నాయనమ్మ తేల్చి చెప్పింది. ఆ వేళ గురువారం.

"ఎలా చెబుతున్నావమ్మా?"

"అందరిలాగేనండీ. బొమ్మ చూపించి 'ఇది మే...' అంటే పిల్లలంతా 'కా!' అని అరుస్తారు. మంగి మాత్రం అనదు."

సుభద్రమ్మగారు గ్లాసు నింపి ఇచ్చారు. "పుక్కిట పట్టు. మంగి ఆఖరి పేజీ తిప్పేదాకా మింగకు. ఏకాదశి కదా, ఉపవాసం నాకు, మౌనం నీకు."

బుగ్గలు ఉబ్బించుకుని నాగవేణి మంగి ఎదురుగా కూర్చుంది. ఆ బుగ్గలు చూసి పిల్లకి నవ్వొచ్చినంత పనయింది. ఒక పేజీ తిప్పింది, ఇంకొకటి తిప్పింది. నాగవేణికి అలవాటైన 'ఇది...' పళ్లదాకా వచ్చి మూడుసార్లు వెనక్కి పోయింది. నాలుగో పేజీలో వాన, మూసిన తలుపు, బయట తడుస్తూ ఒక మేకపిల్ల. మంగి వేలు అక్కడే ఆగింది. ఎంతసేపటికీ కదల్లేదు. నాగవేణికి దవడలు లాగుతున్నాయి. ఇక మింగేద్దామనుకుంది.

"ఇది అరస్తానే ఉండాది," అంది మంగి మెల్లిగా. "లోపలోళ్లు మాట్లాడుకుంటా ఉండారు. ఇనపడలా."

నాగవేణి కళ్లు నిండాయి. నోట్లో నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. మిగతా పేజీలన్నీ మంగే చెప్పుకుంటూ తిప్పింది.

తరవాత ఖాళీ గ్లాసు పట్టుకుని నాగవేణి వెనక్కి వచ్చింది. జరిగింది చెప్పి, "శనివారం వాళ్ల నాయనమ్మ వస్తుందండీ. ఆవిడకి ఏమని చెప్పను?" అని అడిగింది.

సుభద్రమ్మగారు గ్లాసు కడిగి బోర్లించారు.

"ఆవిడకీ ఒక గ్లాసు ఇద్దాంలే," అన్నారు.