సన్యాసి పీత ఇంటికి వచ్చిన చుట్టం

ఒకప్పుడు సన్యాసి పీత ఇల్లు అందరి ఇళ్లలాగే ఒకచోట కుదురుగా ఉండేది. అది వీపు మీదికి ఎలా ఎక్కిందన్నదే కథ. చిన్నదే, రెండు ముక్కల్లో అయిపోతుంది.

కాకపోతే ముందు ఆ ఊరి పండగ గురించి కాస్త చెప్పుకోవాలి.

ఫిలిప్పీన్స్ దీవుల్లో, సముద్రం ఒడ్డున ఒక పట్నం ఉంది. దాన్ని కాచే పునీతుడు పేతురు గారు. ఏటా ఆయన పండగనాడు విగ్రహాన్ని పూలు కట్టిన పడవ ఎక్కించి, బాజాలతో సముద్రం మీద ఊరేగిస్తారు. పడవ పైన వెళుతుంటే అడుగున చేపలూ రొయ్యలూ పీతలూ కూడా పండగ చేసుకునేవి. పేతురు గారు బతికున్న రోజుల్లో చేపలు పట్టేవారు. అలాంటాయన పండగ చేపలెందుకు చేస్తాయని ఎవరూ అడగలేదు. ఆ ఒక్కరోజు ఎవరూ వల వేయరు, అందుకే అయ్యుండాలి.

ఆ పండగకి నియమం ఒకటే. ఆ రోజు ఏ ఇంటి తలుపూ మూయకూడదు. ముక్కూ మొహం తెలియనివాళ్లు గడప తొక్కినా కడుపునిండా పెట్టి పంపాలి.

ఈ నియమం ఇస్కోకి సగమే నచ్చేది. ఇస్కో అంటే మన సన్యాసి పీత. పక్కిళ్లలో తినడం వరకూ అతనంత భక్తుడు ఇంకొకడు లేడు. నత్తల ఇంట్లో మొదలుపెట్టి రొయ్యల వీధి చివరిదాకా ఏ ఇల్లూ వదిలేవాడు కాదు. తన ఇంటివైపు ఎవరైనా బయల్దేరితే మాత్రం, "అయ్యో, పిల్లలకి జ్వరం" అనేవాడు. అతనికి పెళ్లే కాలేదు.

ఒక ఏడాది పండగ ఉదయం, ఊరికి పెద్దదైన కందేలారియా అనే ముసలి తాబేలు అందరి ముందూ చెప్పింది. "ఈసారి ఊరేగింపు కాగానే అందరం ఇస్కో ఇంట్లో తిందాం."

"అమ్మమ్మా, మా పిల్లలకి..."

"వాళ్లనీ చూసినట్టుంటుంది నాయనా."

ఇస్కో ఇల్లంటే ఒక శంఖం. దాని నిండా ఏడాదికి సరిపడా దాచుకున్న ఎండు నాచూ, రొయ్య పొట్టూ ఉన్నాయి. ఊరంతా వస్తే ఒక్క పూటలో అయిపోతాయి. తలుపు మూస్తే మళ్లీ పండగదాకా ఊరు ఏకిపెడుతుంది. చాలాసేపు ఆలోచించాడు. అసలు ఇల్లే లేకపోతే మూయడానికీ తలుపుండదు, తెరవడానికీ తలుపుండదు అనుకున్నాడు.

వెనక్కి వెనక్కి నడిచి శంఖంలోకి దూరాడు. తిన్నగా ఉన్న నడుముని మెలితిప్పి, దాంతో శంఖాన్ని లోపల్నుంచి గట్టిగా పట్టి, ఇంటిని వీపు మీదికి ఎత్తుకున్నాడు. ఊరేగింపయ్యాక చుట్టాలొచ్చి చూస్తే ఇసుకలో గుండ్రటి మచ్చ ఒకటి కనబడింది.

వెతగ్గా వెతగ్గా రాళ్ల సందులో దొరికాడు.

"ఏమిటయ్యా వీపు మీద ఆ మోత?" అంది కందేలారియా.

"మొక్కు, అమ్మమ్మా. పైన వాళ్లు పేతురు గారిని మోస్తున్నారు కదా. నేను ఇల్లు మోస్తానని మొక్కుకున్నాను."

"మంచిదే. ఎన్నాళ్లు?"

అంతమంది వింటుండగా ఒక్కరోజు అనడం నామోషీగా తోచింది. "బతికున్నన్నాళ్లూ" అన్నాడు.

"పేతురు గారు వినే ఉంటారు" అని కందేలారియా అందరినీ వెంటబెట్టుకుని రొయ్యల వీధికి పోయింది.

ఇస్కో ఊపిరి పీల్చుకుని, ఒంటరిగా రొయ్య పొట్టు నమలడం మొదలుపెట్టాడు.

ఆ ఊళ్లో ఒక అలవాటుంది. తినేటప్పుడు పక్కనుంచి ఎవరు వెళ్లినా "రండి, తిందాం" అనాలి. వాళ్లు "ఇప్పుడే తిన్నాను" అని సాగిపోవాలి. అది ఉత్త మర్యాదని పిలిచేవాళ్లకీ తెలుసు, పోయేవాళ్లకీ తెలుసు.

అప్పుడే పురింగ్ అటు వచ్చింది. పురింగ్ ఒక సముద్రపు పువ్వు, అంటే చూడ్డానికి పువ్వులా ఉండే జీవి. ఒళ్లంతా మెత్తని చేతులు. గంటకి వేలెడు దూరం పాకుతుంది. ఏటా పండగకి బయల్దేరేది, చేరేసరికి ఊళ్లో అంట్లు కడిగేసి ఉండేవి.

ఇస్కో నోట్లో ముద్దతో, అలవాటుకొద్దీ, "రా అక్కా, తిందాం" అన్నాడు.

"సరే తమ్ముడూ" అంది పురింగ్.

పండగనాడు పిలిచాక కాదనకూడదు. ఆమె మెల్లిగా శంఖం మీదికి పాకి, కప్పు మీద కూర్చుని, చేతులన్నీ చాపింది. ఇస్కో పెట్టాడు. సాయంత్రం మళ్లీ పెట్టాడు.

"పండగ అయిపోయింది అక్కా" అన్నాడు మర్నాడు.

"అయిపోనీలే తమ్ముడూ. నాకు తొందరేమీ లేదు."

ఆ మధ్యాహ్నం ఒక ఆక్టోపస్ ఇస్కోని పట్టుకు తిందామని చెయ్యి చాపింది. ఆ చెయ్యి పురింగ్ విషపు చేతులకి తగిలి భగ్గున మండేసరికి, ఆక్టోపస్ వచ్చిన దారినే పోయింది. పండగ అయిపోయిన సంగతి ఇస్కో మళ్లీ ఎత్తలేదు.

అప్పటినుంచే సన్యాసి పీత నడుము వంకర తిరిగి ఉంటుంది, ఇల్లు వీపున మోస్తూ తిరుగుతుంది. ఆ కప్పు మీద సముద్రపు పువ్వు కూర్చుని, పీత తిన్నదాంట్లో వాటా తింటుంది. పీత పెరిగి ఇల్లు ఇరుకైతే, ఇంకో పెద్ద శంఖం వెతుక్కుంటుంది. పాత కప్పు మీది చుట్టాన్ని మెల్లిగా ఊడదీసి, కొత్త కప్పు మీద తనే కూర్చోబెడుతుంది.