బుల్లెబ్బాయి గారి విజిల్

"నా జోడీ తప్పు విజిల్ వేస్తే నేను చూస్తూ ఊరుకోవాలా, మాస్టారూ?" అని అడిగింది సత్యవేణి.

అది ఆడపిల్లల జిల్లా బాస్కెట్‌బాల్ ఫైనల్. సగం ఆట అయింది; పదిహేను నిమిషాల విరామం. ఈ ఆటను ఇద్దరు రిఫరీలు నడుపుతారు. ఒకరు బంతిని చూస్తుంటే, రెండోవారు బంతి లేనిచోట ఎవరు ఎవరిని ఏం చేస్తున్నారో చూడాలి. సత్యవేణికి జోడీ ఏసుపాదం. అతను అప్పటికే రెండు తప్పు తీర్పులు ఇచ్చాడు.

"ఇక ఏది తప్పిచ్చినా అక్కడికక్కడే మార్చేస్తాను. ఓడిపోయేది పిల్లలు కదండీ" అంది.

ఆమెకు విజిల్ పట్టడం నేర్పింది పరాంకుశం మాస్టారే. ముప్పయ్యేళ్ళు సిమెంటు కోర్టుల మీద పరిగెత్తి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. వాదించడం ఆయనకు చేతకాదు. కుర్చీలో కాళ్ళు చాపుకుని, కాసేపు మోకాలు రాసుకుని, జరిగినదొకటి చెప్పారు.

ఆయనకూ ఒకప్పుడు బుల్లెబ్బాయి గారని జోడీ ఉండేవారు. ఏ ఊళ్ళోనో చెప్పారు గాని, పక్కనే కూర్చుని విన్న నాకు ఆ పేరు గుర్తు నిలవలేదు. కాలేజీ కుర్రాళ్ళ ఆట. బుల్లెబ్బాయి గారి పక్కనే బంతి గీత దాటింది. ఆయన ఎర్రచొక్కాల జట్టుకిచ్చారు. నిజానికి చివరగా తగిలింది ఎర్రచొక్కా చెయ్యే, అంటే బంతి అవతలి జట్టుకు రావాలి. అంత దూరం నుంచీ మాస్టారికి స్పష్టంగా కనిపించింది. దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పాలని తోచలేదు. ఉన్నచోటి నుంచే విజిల్ వేసి, బంతి అవతలి జట్టుదని చెయ్యి చాపి చూపించారు. జనం చప్పట్లు కొట్టారు.

"బుల్లెబ్బాయి గారూ, మీరొచ్చి కూర్చోండి, ఆయనొక్కడు చాలు!" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. మాస్టారూ కాస్త నవ్వారట.

ఆ తర్వాత బుల్లెబ్బాయి గారు ప్రతి విజిల్‌కూ ముందు మాస్టారి మొహం చూడటం మొదలుపెట్టారు. ఆట చివర్లో, బుట్ట కింద ఒక కుర్రాడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. మాస్టారి చూపు బంతి మీద ఉంది. అక్కడ చూడవలసింది బుల్లెబ్బాయి గారు. విజిల్ మోగలేదు. మళ్ళీ పొడిచాడు. మోగలేదు. మూడోసారి మోచెయ్యి నోటికి తగిలి, చొక్కా అంతా రక్తమైంది. పిల్లాణ్ణి రిక్షాలో ఆస్పత్రికి పంపాక, "మీరు చూడలేదా?" అని మాస్టారు కేకలేశారు.

"మొదటిదే చూశానండి. మీరేమంటారోనని మీ వైపు చూశాను" అన్నారు బుల్లెబ్బాయి గారు. ఆయన మళ్ళీ విజిల్ పట్టలేదు.

కోర్టుకు అవతల ఏసుపాదం ఒక్కడే నిలబడి నీళ్ళు తాగుతూ, మాటిమాటికీ ఇటే చూస్తున్నాడు. విరామం అయిందని గంట మోగింది. సత్యవేణి లేచి, రెండడుగులు వేసి, ఆగింది.

"అయితే ఆ రోజు మీరు మార్చింది తప్పా, మాస్టారూ?"

"తప్పెలా అవుతుందమ్మా, ఒప్పే" అన్నారు మాస్టారు, అలసటగా. "ఆ పిల్లాడికి ముందు పళ్ళు రెండు పోయాయి."