ముయ్యి కత్తిరించిన ముక్కలు

సోడె గంగయ్య మాస్టారిని ప్రశ్న అడిగి సూటిగా జవాబు రాబట్టినవాడు శబరి ఒడ్డున ఇంకా పుట్టలేదు. ఆ మన్యంలో మొట్టమొదట సినిమా కెమెరా భుజానికెత్తిన కోయవాడాయన. ఆయన గురిపెడితే ఏరు కూడా ఒక్క క్షణం నిలబడి జుట్టు సవరించుకునేదంటే నమ్మాలి మరి!

అంతటివాడి శిష్యురాలు మడకం ముయ్యి ఆ పూట తిండి మానేసి ఆయన దగ్గరికి పరిగెత్తింది. తమ ఊరి విత్తనాల పండగ మీద ఆమె తీసిన చిత్రాన్ని ఆ ఊరికే చూపించే రోజది. అంతకుముందు పట్నంవాళ్లెవరో వచ్చి, పండగ కాని రోజున తలలకు కొమ్ములు కట్టించి, ఆడించి, సినిమా తీసుకుపోయారు. ఆ మంట ఇంకా ఆరలేదు. "ఇదీ అలాగే ఉంటే మన పొలిమేరలోకి ఇక కెమెరా రాదు. నీదైనా సరే" అని ఊరిపెద్ద తేల్చేశాడు.

"మాస్టారూ, నావాళ్లని నేను సరిగ్గానే చూపించానంటారా?"

"కత్తిరించి పారేసినవి ఉన్నాయా?" అన్నాడాయన.

"ఉన్నాయి. అన్నీ పాడైన ముక్కలే. అందరూ కెమెరాలోకి చూసి మాట్లాడేశారు."

"వెంట తెచ్చుకో."

బడి పాక కిటికీలకు గోనెసంచులు కట్టి బొమ్మ వేశారు. పండగ వేటకెళ్లే మగవాళ్లు, దారికి అడ్డం నిలబడ్డ ఆడవాళ్లు, ఎర్రటి దుమ్ము, డోలు. తెరమీద ఒక్కరూ ఇటు చూడరు. పాకలో చీమ దగ్గినా వినిపించేది. బొమ్మ అయిపోయాక ముయ్యి మేనత్త ఐతమ్మ మెల్లిగా అడిగింది: "బాగుందే. ఏ ఊరివాళ్లు తీశారు?"

ఊరిపెద్ద లేచి కండువా దులిపాడు. మాస్టారు కళ్లతోనే సైగ చేశాడు. ముయ్యి పాడైన ముక్కలు పెట్టింది.

వేటనుంచి ఒట్టి చేతులతో వచ్చిన మగవాడికి పేడనీళ్ల మర్యాద చెయ్యడం ఆ పండగలో ఆడవాళ్ల హక్కు. తెరమీద ఐతమ్మ కుండ పట్టుకుని సూటిగా ముందుకొచ్చింది. "ఏయ్ ముయ్యీ! ఆ డబ్బా దింపి రావే! మీ మామకి చెవులపిల్లి కూడా దొరకలేదంట, పట్టు, మొహాన కొడదాం!"

"కోడలా, నువ్వన్నా అడ్డం పడవే తల్లీ!" అంటూ మామ కెమెరా చాటుకే పరిగెత్తుకొచ్చాడు. బొమ్మ గిర్రున తిరిగి పేడనీళ్లలో మునిగింది.

పాక కప్పు లేచి ఆకాశం దాకా వెళ్లి మళ్లీ వచ్చి కూర్చుందంతే! మామ నవ్వలేక స్తంభాన్ని పట్టుకున్నాడు. ఊరిపెద్ద నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడి, "మళ్లీ వెయ్యి" అన్నాడు.

ముయ్యి ఆ ముక్క మళ్లీ వేసి, మాస్టారి వైపు తిరిగింది. "కానీ మాస్టారూ, బయటివాళ్లు దీన్ని తప్పంటారు. కెమెరావైపు చూడకూడదు కదా?"

మాస్టారు తెరమీంచి కళ్లు తిప్పలేదు.

"మీ అత్త పిలుస్తోంది. ముందు పలుకు."