పులుసులో పడ్డ రాజుగారి రసాలు

చాలాకాలం కిందట మేడికుర్తిని రణధీరరాయలు అనే రాజు ఏలేవాడు. మంచివాడే, కాకపోతే ఆయన మాట ఆయనకే మహా ముద్దు.

ఏటా వేసవిలో కోటగుమ్మం ముందు, తన పేరు చెక్కిన రాతిపలక పక్కనే చలివేంద్రం పెట్టించేవాడు. బాటసారులకు నీళ్ళు మాత్రం ఊరివాళ్ళే ఇంటికో కడవ చొప్పున తెచ్చి పోసేవారు. ఆ ఏడు ఒక్క కడవా రాలేదు. దాహంతో ఇద్దరు బండివాళ్ళు సొమ్మసిల్లి పడిపోయారని తెలిసి రాజు మండిపడ్డాడు. రెండు రోజుల్లో కడవలు రాకపోతే చలివేంద్రమే ఎత్తేయిస్తానన్నాడు.

కారణం విదూషకుడు కొమ్మనకు తెలుసు. పోయినేడు నాగులమ్మ అనే కుమ్మరి ఆవిడ సభకొచ్చి, ఆ ఎండలో నీళ్ళు కాగిపోతున్నాయి, బండ్లు ఆగే గానుగ వీధిలో నీడపట్టున పెట్టించండయ్యా అంది. నీళ్ళు పోసి పొండి, సలహాలు మాకొద్దు అన్నాడు రాజు. కొమ్మన అంతటితో ఊరుకోక, ఆవిడ చేతులు తిప్పడం అనుకరించి సభనంతా నవ్వించాడు. ఆవిడ తలవంచుకుని వెళ్ళిపోయింది. సంగతి విని ఊరి మనసూ విరిగింది. అందులో తన వెక్కిరింత పాలెంతో కొమ్మనకు ఇప్పుడు తెలిసొచ్చింది.

మర్నాడు అతను రాజును భోజనానికి పిలిచి, కోట తోటలోని మామిడి రసాలు ఓ బుట్టెడు పంపించమన్నాడు. తీరా విస్తరి ముందు కూర్చుంటే, తేనెలాంటి ఆ పళ్ళన్నీ వెల్లుల్లి, ఎండుమిర్చి వేసిన పులుసులో ఉడికి తేలుతున్నాయి.

"ఒరేయ్, పళ్ళు పంపింది నేను. నన్నొక్క మాట అడగాలా వద్దా?"

"పంపడంతో తమ పని అయిపోయింది కదా ప్రభూ. ఇచ్చినవాళ్ళను అడగడం మన కొలువులో ఆనవాయితీ కాదు."

నాగులమ్మతో తానన్న మాట రాజుకు గుర్తొచ్చింది. తర్వాత పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. ఆ సాయంత్రమే ఊరివాళ్ళను పిలిపించి, ఎక్కడ పెడదాం, ఎలా పెడదాం అని తానే అడిగాడు. అందరూ గానుగ వీధే చెప్పారు. తెల్లారేసరికి అక్కడ కడవలు బారులు తీరాయి.

నాగులమ్మ కడవ మాత్రం లేదు. ఉగాది వెళ్ళగానే కాపురం ఎత్తేసి చెల్లెలి ఊరు వెళ్ళిపోయిందట. బండెక్కబోతూ కూడా, కోటనుంచి కబురేమైనా వచ్చిందా అని పక్కింటివాళ్ళను అడిగిందట.

రాజు చేతి కంకణం తీసి కొమ్మనకు తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

"నాలుగు రోజులు సెలవిప్పించండి. నాగులమ్మ దగ్గరికి వెళ్ళాలి."

"తప్పు ఒప్పుకోవడానికా?" అని నవ్వాడు రాజు.

"అదీ ఉంది. ఆవేళ ఆవిడ ఇంకో మాట కూడా మొదలెట్టింది ప్రభూ. నా వెక్కిరింతలో ఎవరికీ వినపడలేదు. అదేమిటో అడిగొస్తాను."